ముక్కు మూసుకోకముందు ఒకసారి వంగి చూడండి



పోయిన నెల ఈ పేజీలో మల్లెపొదను ఎప్పుడు కత్తిరించాలో చెప్పుకొన్నాం. మల్లె గురించి రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తెల్లగా ఉంటుంది, సువాసన వేస్తుంది, మందిరంలో బల్ల మీద పెట్టినా బాగుంటుంది. ఈ నెల చెప్పబోయే మొక్కకు అంత అదృష్టం లేదు. దీని పువ్వు చూడడానికి నక్షత్రంలా ఉంటుంది గాని, దగ్గరకు వెళ్తే కుళ్లిన మాంసం వాసన కొడుతుంది. నర్సరీవాళ్లు దీన్ని స్టార్‌ఫిష్ మొక్క అంటారు, కొందరు స్టార్‌ఫిష్ కాక్టస్ అని కూడా అంటారు. సముద్రంలో దొరికే ఐదు కాళ్ల నక్షత్ర చేపలా పువ్వు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఈ మొక్క గురించి రాయడానికి ఒక సోదరి పంపిన ఉత్తరమే కారణం. ఆమె అత్తగారు పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించారు. ఆ తల్లి ఎంతో ఇష్టంగా పెంచుకొన్న కుండీ ఒకటి వాకిట్లో మిగిలింది. వానలు తగ్గగానే అది విరగబూసింది. ఈగలు ముసిరాయి. పక్కింటివారు వచ్చి, అది ఇంట్లో ఉండకూడని మొక్క అనీ, కీడు తెస్తుందనీ, వెంటనే తీసి పారవేయమనీ చెప్పారట. భర్తకేమో తల్లి చేతి మొక్క పారవేయడానికి మనసు రావడం లేదు. "అయ్యగారూ, దీని మీద ఇంట్లో రోజూ మాటలు పెరుగుతున్నాయి. ఉంచమంటారా, తీసివేయమంటారా?" అని ఆ సోదరి అడిగారు.

అమ్మా, ఉంచండి. ఎందుకు ఉంచమంటున్నానో, ఎలా చూసుకోవాలో వివరంగా చెబుతాను. ఇదే మొక్క ఇంకా అనేకుల ఇళ్లలో పేరు తెలియకుండా మూల కుండీలో పడి ఉంటుంది కాబట్టి అందరూ చదవండి.

ఇది ఎలాంటి మొక్క?

మన ఇళ్లలో కనిపించే స్టార్‌ఫిష్ మొక్కల్లో రెండు రకాలున్నాయి. మొదటిది చిన్నది. దాని శాస్త్రీయ నామం ఆర్బియా వేరిగేటా. పాత పుస్తకాల్లో స్టపీలియా వేరిగేటా అని ఉంటుంది. పువ్వు మన అరచేతిలో ఇమిడిపోతుంది. లేత పసుపు రేకుల మీద ముదురు ఎరుపు మచ్చలు, నడుమ చిన్న ఉంగరంలాంటి వలయం ఉంటాయి. రెండవది స్టపీలియా జైగాంటియా. దాని పువ్వు పళ్లెమంత ఉంటుంది, అడుగు వెడల్పు దాకా కూడా విచ్చుకొంటుంది. పసుపు రంగు మీద సన్నని ఎర్రని గీతలు, మెత్తని నూగు ఉంటాయి. రెండింటి స్వస్థలమూ ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమే. చిన్నది అక్కడి కేప్ తీరంలో, రాళ్ల సందుల్లో, పొదల నీడన పెరుగుతుంది.

కాక్టస్ అని పిలిచినా ఇది కాక్టస్ కాదు. బ్రహ్మజెముడుకున్నట్టు దీనికి ముళ్లు లేవు. కాడలు నాలుగు పలకలుగా ఉండి, అంచుల మీద మెత్తని పళ్లు ఉంటాయి. ముట్టుకొంటే గుచ్చుకోవు. చెప్పుకోదగిన ఆకులు కూడా లేవు. ఆకుల పనంతా ఆకుపచ్చని కాడే చేస్తుంది. నీళ్లు దొరికినప్పుడు కాడలో దాచుకొని, దొరకనప్పుడు పొదుపుగా వాడుకొంటుంది. ఎండకు నీరు ఆవిరైపోకుండా పగలు తన సూక్ష్మ రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకొంటుంది.

మరి ఇది ఏ కుటుంబంలోనిది? మన రోడ్ల పక్కన పెరిగే జిల్లేడు దీనికి చుట్టం. నమ్మకం కలగకపోతే కాయను చూడండి. జిల్లేడు కాయ పగిలితే పట్టులాంటి దూదితో గింజలు ఎగిరిపోతాయి కదా! దీని గింజలూ అంతే. కొమ్ముల జతలా నిలబడే కాయలు నెలల తరబడి ముదిరి, పగిలి, కుచ్చు కట్టిన గింజలను గాలికి వదులుతాయి. అయితే జిల్లేడును తుంచితే పాలు కారుతాయి, దీనిని తుంచితే తేటనీరు వస్తుంది.

ఆ వాసన ఎందుకు?

మల్లె, జాజి సువాసన వేసేది మన కోసం కాదు, తమ దగ్గరకు రావలసిన పురుగుల కోసం. స్టార్‌ఫిష్ పువ్వు చేసేదీ అదే పని. దీనికి కావలసింది తేనెటీగ కాదు, ఈగ. ఈగకు చచ్చిన జంతువు మాంసం ఇష్టం. అందుకే పువ్వు ఆ రంగు, ఆ నూగు, ఆ వాసన తెచ్చుకొంటుంది. ఈగ మోసపోయి వచ్చి వాలుతుంది. కొన్నిసార్లు ఇది నిజంగా మాంసమే అనుకొని గుడ్లు కూడా పెట్టేస్తుంది. ఆ గుడ్లు పొదిగినా పిల్లలకు తినడానికి అక్కడ ఏమీ ఉండదు కాబట్టి అవి బ్రదకవు.

ఈగ పువ్వు నడుమ తిరుగుతున్నప్పుడు దాని కాలో, నోటి తొండమో ఒక సన్నని సందులో ఇరుక్కొంటుంది. గుంజుకొని బయటికి తీసినప్పుడు చిన్న క్లిప్పులాంటిది దానికి అంటుకొని వస్తుంది. ఆ క్లిప్పుకు రెండు పుప్పొడి సంచులు వ్రేలాడుతుంటాయి. ఈగ మరో పువ్వు మీద వాలినప్పుడు ఆ సంచి సరిగ్గా ఇంకో సందులో చిక్కుకొంటే కాయ కడుతుంది. జిల్లేడు పువ్వులోనూ ఇదే ఏర్పాటు ఉంది. కాకపోతే అక్కడికి పెద్ద పెద్ద తుమ్మెదలు వస్తాయి. మీ పిల్లలకు భూతద్దం ఇచ్చి ఒక పువ్వు చూపించండి. పుస్తకంలో పది పేజీలు చదివినదానికంటే బాగా అర్థమవుతుంది.

కాబట్టి అమ్మా, ఆ వాసనలో కీడూ లేదు, శాపమూ లేదు. అది రెండు మూడు రోజుల ముచ్చట. పువ్వు వాడితే వాసనా పోతుంది. చిన్న రకమైతే ముక్కు దగ్గర పెట్టుకొంటే గాని వాసన తెలియదు. పెద్ద రకమే నాలుగడుగుల దూరం నుండి పలకరిస్తుంది. కుండీ కదా, మొగ్గ పెద్దదై విచ్చుకోబోతున్నదని తెలియగానే వంటింటి కిటికీకి, వీధి గుమ్మానికి దూరంగా డాబా మీదికో, ప్రహరీ మూలకో జరపండి. పువ్వు వాడగానే తుంచివేసి మళ్లీ దాని చోట పెట్టండి. ఇంతమాత్రానికి అత్తగారి జ్ఞాపకాన్ని చెత్తకుప్పలో వేయనవసరం లేదు. మీ ఆయనకూ మనశ్శాంతి, మీకూ శాంతి.

మొదట బొమ్మ గీసింది ఒక దైవసేవకుడు

ఈ మొక్క ఐరోపావారికి ఎలా తెలిసిందో మన సంఘాలవారు తప్పక తెలుసుకోవాలి. హాలండు దేశంలో లైడెన్ పట్టణానికి చెందిన యూస్టస్ హ్యూర్నియస్ అనే ఆయన మొదట వైద్యం, తర్వాత వేదాంతం చదువుకొన్నాడు. సువార్త పనికై తూర్పు దీవులకు ఓడలో బయలుదేరాడు. 1624లో ఆ ఓడ దక్షిణాఫ్రికా కొనలోని కేప్ వద్ద ఆగింది. నెలల తరబడి సముద్రం మీద ఉన్న మనుష్యులు నేల కనబడితే ఏం చేస్తారు? నీళ్లు, కూరగాయలు, మాంసం వెదకుకొంటారు. ఈయన మాత్రం అక్కడి మొక్కలను చూసి, కొన్నింటి బొమ్మలు గీసి పెట్టుకొన్నాడు. అందులో మచ్చల పువ్వు పూసే ఈ చిన్న స్టార్‌ఫిష్ మొక్క ఉంది.

ఆ బొమ్మలు లైడెన్‌లో ఉన్న ఆయన సోదరునికి చేరాయి. అక్కడి నుండి బొడేయస్ వాన్ స్టాపెల్ అనే వైద్యుని చేతికి వెళ్లాయి. ఆ వైద్యుడు ప్రాచీన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాసిన వృక్షశాస్త్ర గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తున్నాడు. హ్యూర్నియస్ గీసిన బొమ్మలను అందులో చేర్చాడు. పుస్తకం అచ్చుకాక ముందే ఆ వైద్యుడు చనిపోయాడు. 1644లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకం వెలువడింది.

తర్వాత జరిగిన సంగతి చూడండి. స్వీడన్ దేశపు పండితుడు లిన్నేయస్ మొక్కలన్నిటికీ క్రమమైన పేర్లు పెడుతూ, ఈ జాతికి ఆ వైద్యుని పేరిట స్టపీలియా అని పెట్టాడు. 1753లో అచ్చయిన ఆయన గ్రంథంలో స్టపీలియా వేరిగేటా అని నమోదైంది. బొమ్మ గీసిన సేవకుని పేరు లేదు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ లోటు తీర్చాలని, ఈ మొక్కకు దగ్గరి చుట్టమైన మరొక జాతికి హ్యూర్నియస్ పేరు పెట్టాడు. అయితే స్పెల్లింగులో రెండు అక్షరాలు అటూ ఇటూ తారుమారయ్యాయి. అచ్చయిన ఆ స్పెల్లింగే ఈనాటికీ వాడుకలో నిలిచిపోయింది.

హ్యూర్నియస్ ఇవేవీ చూడలేదు. ఆయన బటావియాలోనూ, తూర్పు దీవుల్లోనూ పరిచర్య చేశాడు. చైనీయులతో మాట్లాడడానికి ఉపయోగపడే నిఘంటువు ఒకటి తయారు చేశాడు. మలయ భాషలో సువార్తలు వెలువడడానికి పాటుపడ్డాడు. తర్వాత స్వదేశానికి తిరిగివెళ్లి అక్కడ సంఘ కాపరిగా ఉన్నాడు. ఒడ్డున ఆగిన ఆ కొద్ది రోజుల్లో ఆయన వంగి చూసిన మొక్కే ఇవాళ మీ వాకిట్లో ఉన్నది. పని అంటే సువార్త ప్రకటించడం మాత్రమే, మిగతావన్నీ వ్యర్థం అనుకొనే యౌవన సేవకులు మనలో ఉన్నారు. వారికి ఈ సంగతి చెప్పాలనిపించింది.

మన గుట్టల మీద దీని చుట్టం

ఆఫ్రికా మాట అలా ఉంచండి. ఈ కుటుంబంలో మన తెలుగు నేలకు చెందినవి కూడా ఉన్నాయి. రాళ్ల గుట్టల మీద, ముళ్ల పొదల మొదట్లో నాలుగు పలకల సన్నని పచ్చని కాడలు నిలువుగా లేస్తాయి. వాటి కొసల్లో చిన్న చిన్న ఊదా రంగు పువ్వులు వ్రేలాడతాయి. మన ప్రాంతాల్లో వాటిని కుందేటి కొమ్ములు అంటారు. లేత కాడలు తుంచి పచ్చడి చేసుకొనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ ఈ మొక్కను వర్ణించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన పెద్ద బొమ్మల గ్రంథం మొదటి సంపుటి 1795లో మొదలైంది. అందులో ఈ మొక్కకు తెలుగువారి పేరు కారల్లం అని రాసుకొన్నాడు. ఇంతకుముందు చెప్పిన రాబర్ట్ బ్రౌనే 1810లో ఈ జాతికి కారల్లుమా అని పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలం రాక్స్‌బర్గ్ విన్న తెలుగు మాటేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. లండన్‌లోనైనా, జపాన్‌లోనైనా ఈ మొక్కను పెంచేవారు దీన్ని పిలిచేటప్పుడు మన పల్లెవాళ్ల మాటనే పలుకుతున్నారు.

ఆ మాట చెప్పింది ఎవరో గ్రంథంలో లేదు. గొర్రెలు కాసే పిల్లవాడో, కట్టెలకు వెళ్లిన తల్లో అయివుండవచ్చు. దొర అడిగితే తమకు తెలిసిన పేరు చెప్పారు. ఇప్పుడు మన పిల్లలను గుట్ట మీదికి తీసుకెళ్లి అదే మొక్క చూపిస్తే పేరు చెప్పగలిగేవారు ఎందరున్నారు? గుట్టలే కంకరగా మారిపోతున్నాయి. మొక్క పోయేలోగా పేరు పోతున్నది. పేరు పోయాక మొక్క పోయినా ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కుందేటి కొమ్ములు తింటారు గదా అని కుండీలోని స్టార్‌ఫిష్ మొక్కను తినడానికి వాడకండి. అది చూడడానికి పెంచేది మాత్రమే. గుట్టల మీద కూడా తెలిసినవారు చూపనిదే కోయకండి. తుంచినప్పుడు పాలు కారితే అది జెముడు జాతి కావచ్చు. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకలి తగ్గిస్తుందని, ఒళ్లు తగ్గుతుందని కారల్లుమా పేరుతో బజారులో మాత్రలు అమ్ముతున్నారు. డాక్టరును అడగకుండా వాటి జోలికి వెళ్లవద్దు.

పెంచే పద్ధతి

కుండీ: లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మట్టి కుండీ మంచిది. ఈ మొక్క వేర్లు లోతుకు పోవు, కాడలు పక్కలకు పాకుతాయి. అడుగున రంధ్రం తప్పనిసరి. రంధ్రం మీద విరిగిన పెంకు ముక్క పెట్టండి.

మట్టి: రెండు పాళ్లు దొడ్డు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు కలపండి. గుప్పెడు చితక్కొట్టిన ఇటుక ముక్కలు వేస్తే ఇంకా మంచిది. నల్లరేగడి వద్దు, అది నీళ్లను పట్టుకొని వదలదు.

నాటడం: ఆరోగ్యంగా ఉన్న కాడను మొదట్లో, అతుకు దగ్గర విడదీయండి. వెంటనే నాటకండి. నీడలో నాలుగైదు రోజులు ఉంచితే కోసిన చోటు ఆరి మూసుకొంటుంది. అప్పుడు మట్టి మీద పడుకోబెట్టినట్టుగా ఉంచి, మొదలు కొద్దిగా కప్పండి. వారం రోజులు నీళ్లు పోయవద్దు.

ఎండ: ఉదయపు ఎండ కావాలి. మన వేసవి మధ్యాహ్నపు ఎండ పడకూడదు. కాడలు ఎర్రబారితే ఎండ ఎక్కువైందని, సన్నగా పాలిపోయి సాగితే వెలుతురు చాలడం లేదని గుర్తు.

నీళ్లు: ఈ మొక్కలు దాహంతో చనిపోయేవి తక్కువ, ప్రేమతో చనిపోయేవి ఎక్కువ. రోజూ చెంబెడు నీళ్లు పోసే చేయి దీనికి శత్రువు. ఒక పుల్లను రెండంగుళాలు గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకొంటే పోయవద్దు. పొడిగా వస్తే కుండీ అడుగు నుండి కారేదాకా పోసి, మళ్లీ ఆరేదాకా వదిలేయండి. వేసవిలో సుమారు వారానికి ఒకసారి, చలికాలంలో రెండు మూడు వారాలకు ఒకసారి సరిపోతుంది. వానాకాలంలో చూరు కిందికి జరపండి. కాడ ముడతలు పడితే దాహం, నీళ్లు పోస్తే కోలుకొంటుంది. మొదలు మెత్తబడి నల్లబడితే కుళ్లు. అప్పుడు నీళ్లు పోస్తే చంపినట్టే. బాగున్న కాడలను పైకి కోసి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. మిగతాది పారవేయండి.

తెగుళ్లు: తెల్లని దూదిలా పట్టే పిండినల్లి దీనికి పెద్ద బాధ. కాడల పలకల్లో, మొగ్గల మొదట్లో, ఒక్కోసారి వేర్లలో కూడా ఉంటుంది. కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచివేయండి. ఎక్కువైతే వేపనూనెలో కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. కారణం లేకుండా మొక్క మందగిస్తే కుండీలోంచి తీసి వేర్లు చూడండి.

పువ్వులు: వానాకాలం చివర నుండి చలి మొదలయ్యేదాకా పూస్తుంది. కొత్త కాడల మీదే ఎక్కువగా మొగ్గ తొడుగుతుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి నడుమ ముదిరి వట్టిపోయిన కాడలు తీసివేసి, చుట్టూ ఉన్న లేత కాడలను తిరిగి నాటుకోవాలి. అత్తగారి కుండీ ఇప్పుడు అలాంటి స్థితిలోనే ఉండివుండవచ్చు. తీసిన కాడలు నాలుగు ఇళ్లకు సరిపోతాయి. ఒకటి పక్కింటివారికి కూడా ఇవ్వండి. తీసుకోకపోయినా ఫరవాలేదు, అడిగినట్టుంటుంది.

చివరిగా పాఠకులందరికీ ఒక మనవి. మీ ఊరి గుట్టల మీద కుందేటి కొమ్ములు ఇంకా ఉన్నాయా? మీ ప్రాంతంలో వాటిని ఏమంటారు? మీ ఇంట్లో పెద్దవారిని, ముఖ్యంగా అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి కార్డు ముక్క మీద రాసి పంపండి. ఊరి పేరు, మండలం పేరు మరచిపోకండి. వచ్చిన పేర్లన్నీ ఇదే పేజీలో అచ్చువేద్దాం.